1985 మారుతి 800ని చెన్నైలో ఇంటి దగ్గరే బాగు చేసుకున్న వైనం

పాత కారు కొనబోయేవాళ్లు ముందు బానెట్ ఎత్తి చూస్తారు. చెన్నైలో ఆ పని ఆఖర్న చేసినా ఏం నష్టం లేదు. ముందు చూడాల్సింది కార్పెట్ కింద, తుప్పు ఉందేమోనని. పెరంబూరులో ఈ బండి ఉందని తెలిసి వెళ్లినప్పుడు చేతిలో ఒక అయస్కాంతం ముక్క, జేబులో స్క్రూడ్రైవరు పెట్టుకుని వెళ్లాను. తలుపుల కింద ఉండే రన్నింగ్ బోర్డు పొడవునా అయస్కాంతం ఆనిస్తూ పోతే, రేకు ఉన్నచోట టక్కున అతుక్కుంటుంది. తుప్పు కనబడకుండా పట్టీ అనే ముద్ద మందంగా పూసి రంగేసిన చోట జారిపోతుంది. ఎడమవైపు మూడు చోట్ల జారింది. కుడివైపు పరవాలేదు.

బండి మారుతి 800 మొదటి రూపం, ఎస్‌ఎస్80 అంటారు. 1983 డిసెంబరు 14న ఇందిరాగాంధీ చేతుల మీదుగా హర్పాల్ సింగ్ అనే ఆయన తాళం అందుకున్న మొట్టమొదటి మారుతి ఈ రూపంలోదే. పేరు మారుతిదైనా లోపలంతా సుజుకీయే. జపాన్‌లో ఫ్రంటే, ఆల్టో అనే పేర్లతో నడిచిన బండి. మొదట్లో సామాను జపాన్ నుంచి కిట్లుగా దిగితే గుర్గావ్‌లో బిగించేవాళ్లు. అందుకే పాత మెకానిక్కులు ఇప్పటికీ దీన్ని ‘జపాన్ మారుతి’ అంటారు. 1986లో రూపం మార్చేశారు. మనందరికీ గుర్తున్న మారుతి 800 ఆ తర్వాతిది.

రూపం మారింది కానీ ఇంజిన్ మారలేదు. అదే ఎఫ్8బి, మూడు సిలిండర్లు, 796 సీసీ. ఆ తర్వాత దశాబ్దాల పాటు లక్షల బళ్లలో అదే నడిచింది. కాబట్టి పిస్టన్ రింగులు కావాలన్నా, హెడ్ గ్యాస్కెట్ కావాలన్నా ఏ సందులోని స్పేర్ పార్ట్స్ షాపుకి వెళ్లినా దొరుకుతాయి. దొరకనివి బాడీ సామాన్లు. లైట్లు, అద్దాలు, బీడింగులు, బానెట్ వగైరా ఆ రెండు మూడేళ్ల బళ్లకే పరిమితం. ఈ సంగతి బుర్రలో పెట్టుకుంటే దేనికి భయపడాలో, దేన్ని తేలిగ్గా తీసుకోవచ్చో తెలిసిపోతుంది. ఇంజిన్ సీజ్ అయిపోయిన బండినైనా కొనొచ్చు. ముందు అద్దం పగిలిన బండి మాత్రం కొనకూడదు.

అమ్మిన పెద్దాయన రైల్వేలో చేసి రిటైరయ్యారు, నెల్లూరు వైపు వాళ్లు. “ఏం బాబూ, పాత ఇనుముకి వేస్తావా, నడుపుతావా?” అని అడిగారు.

“నడుపుతాను బాబాయ్ గారూ. ఆర్సీ మీ పేరు మీదే ఉందా?”

“నా పేరే. ఎప్పటికప్పుడు రెన్యూవల్ చేయించాను. బండి కదలకపోయినా కాగితం కదులుతూనే ఉంది.”

ఆ మాటతో సగం టెన్షన్ తీరింది. సొంత కారుకి 15 ఏళ్లు నిండాక ఐదేళ్లకోసారి ఆర్సీ పొడిగించుకోవాలి. ఆ వరస తెగిపోయి, ఓనరు కూడా చనిపోయి, వారసులు తలో ఊళ్లో ఉన్న బళ్లు చాలా చవగ్గా వస్తాయి. ఆ చవక జోలికి పోవద్దనే ఎవరికైనా చెబుతాను. ఛాసిస్ నంబరు మీద కాగితం పెట్టి పెన్సిల్‌తో రుద్ది, ఆర్సీలో ఉన్నదానితో పోల్చుకున్నాకే డబ్బు ఇచ్చాను.

కొళత్తూరులో మాది సొంత ఇల్లు, కింద కారు షెడ్డు ఉంది. ట్రాలీ మీద బండి దిగగానే మా ఆవిడ చుట్టూ తిరిగి చూసి, “కారు కొన్నారా, తుప్పు కొన్నారా?” అంది. రెండూ కొన్నానని ఒప్పుకున్నాను.

విప్పే పని గురించి పెద్దగా చెప్పేదేం లేదు. ప్రతి బోల్టూ తీసే ముందు ఫోనులో ఫొటో, తీశాక జిప్ కవరు, కవరు మీద మార్కర్‌తో పేరు. బోర్ కొట్టే పనే గానీ, నెలల తర్వాత బిగించేటప్పుడు ప్రాణం నిలబెట్టేది అదే. బ్యాటరీ, పెట్రోలు ట్యాంకు అన్నిటికంటే ముందు దింపేయాలి. తర్వాత వెల్డింగ్ ఉంటుంది కాబట్టి ఇందులో మొహమాటం లేదు.

ఎడమ రన్నింగ్ బోర్డు దగ్గర మొదలైంది అసలు కథ. కింద నల్లగా తారు కోటింగ్ మందంగా ఉంది. ఎప్పుడో ఎవరో ‘అండర్ కోటింగ్’ అని డబ్బులు పెట్టి చేయించారు. హీట్ గన్‌తో వేడి చేసి గీకితే పొరలు పొరలుగా ఊడింది. దానితోపాటు రేకు కూడా అప్పడంలా విరిగి చేతికొచ్చింది. లోపల చూస్తే తడి మట్టి. షెడ్డులో ఏళ్ల తరబడి నిలిపి ఉంచిన బండి లోపల తడి ఎక్కడిదని ఆశ్చర్యపోయాను. కారణం తర్వాత తెలిసింది. రన్నింగ్ బోర్డు అంటే రెండు రేకుల మధ్య ఖాళీ పెట్టె. తలుపు అద్దం సందుల్లోంచి, ముందు అద్దం కింద నుంచి వచ్చే వాన నీళ్లు దాన్లోకే దిగుతాయి. బయటికి పోవడానికి అడుగున చిన్న చిన్న రంధ్రాలు ఇచ్చాడు సుజుకీ వాడు. తారు పూసిన మహానుభావుడు ఆ రంధ్రాలన్నీ మూసేశాడు! నీళ్లు లోపలే ఉండిపోయాయి. అసలే చెన్నై గాలిలో ఉప్పు, ఉక్కపోత. తుప్పు బయట నుంచి లోపలికి పోలేదు, లోపల నుంచి బయటికి వచ్చింది. బయట మాత్రం నల్లగా నిగనిగలాడుతూ ఉంది.

కుడివైపు ఎందుకు బాగుందో కూడా అప్పుడే అర్థమైంది. అటు తారు పలచగా పడింది, రెండు రంధ్రాలు తెరిచే ఉన్నాయి.

టింకరింగ్, అంటే రేకు పని, నా వల్ల అయ్యేది కాదు. పాడిలో ఒక మేస్త్రి ఉన్నాడు, గూడూరు నుంచి చిన్నప్పుడే వచ్చి ఇక్కడే స్థిరపడ్డాడు. తెలుగే మాట్లాడతాడు, మధ్యలో అరవం దొర్లుతుంటుంది. ఇంటికొచ్చి చేయడానికి ఒప్పుకున్నాడు. ఆయనకీ నాకూ మొదటి రోజే చిన్న పేచీ వచ్చింది. ఆయన గ్యాస్ వెల్డింగ్ సెట్టు తెస్తానన్నాడు. నేను సీఓటూ వెల్డింగే, అంటే కార్బన్ డయాక్సైడ్ గ్యాసు మరుగున కరెంటుతో తీగ కరిగించి అతికేదే కావాలన్నాను.

“సార్, ముప్పై ఏళ్లుగా గ్యాసే కొడుతున్నాను. ఎవరూ ఏమీ అనలేదు.”

“నీ చేతిని నేనేమీ అనడం లేదు అన్నా. రేకు పలచన. మంటకి వంకర పోతే మళ్లీ పట్టీతోనే గదా సరిచేయాలి?”

పట్టీ మాట వినగానే నవ్వేశాడు. ఈ బళ్ల రేకు మందం మిల్లీమీటరు కూడా ఉండదు. గ్యాస్ మంట చుట్టూ జానెడు మేర వేడెక్కిస్తుంది, రేకు అలలు తేలుతుంది. సీఓటూ మెషిన్‌తో ఒక చుక్క ఇక్కడ, మరో చుక్క బారెడు దూరాన, మళ్లీ వెనక్కి వచ్చి ఇంకో చుక్క. అలా చల్లారనిస్తూ చుక్కలన్నీ కలుపుకుంటూ పోవాలి. నిదానంగా సాగే పని. మేస్త్రికి మొదట విసుగొచ్చింది గానీ, గ్రైండింగ్ పట్టాక అతుకు ఎక్కడుందో వేలికి తగలకపోయేసరికి ఆయనే తన కుర్రాడిని పిలిచి చూపించుకున్నాడు. కొత్త రేకుని మడతలతో సహా చేత్తోనే, ఒక రైలు పట్టా ముక్క మీద సుత్తితో కొట్టి తయారు చేశాడు. రంధ్రాలు పాతవి ఎక్కడున్నాయో కుడివైపు కొలిచి, ఎడమవైపు అక్కడే పెట్టించాను. వెల్డింగ్ అయ్యాక అతుకుల్లోకి నీళ్లు దిగకుండా సీమ్ సీలర్, పెట్టె లోపలికి పొడవాటి గొట్టంతో మైనం స్ప్రే. ఈ మైనం సంగతి మన దగ్గర చాలామంది పట్టించుకోరు. తారు బదులు ఇది కొట్టుకుంటే చాలు.

ఒక జాగ్రత్త మాత్రం మేస్త్రికి పదే పదే చెప్పాల్సి వచ్చింది. ఇంజిన్ వెనక గోడ మీద కొట్టిన ఛాసిస్ నంబరు దగ్గరికి గ్రైండర్ వెళ్లకూడదు. దాని మీద టేపు అంటించి, ‘ముట్టుకోవద్దు’ అని మూడు భాషల్లో రాశాను. ఆ నంబరు చెరిగితే బండి ఎంత అందంగా ఉన్నా ఆర్టీఓ ఆఫీసులో అది దొంగ బండితో సమానం.

చిన్న ఇనుప సామాను తుప్పు వదిలించడం నేనే చేశాను. నిజం చెప్పాలంటే మొత్తం పనిలో నాకు బాగా సరదా అనిపించింది ఇదే. ఒక ప్లాస్టిక్ డ్రమ్ము, కిరాణా కొట్లో దొరికే వాషింగ్ సోడా, పాత రకం 12 వోల్టుల బ్యాటరీ ఛార్జరు, పనికిరాని ఇనుప కడ్డీలు నాలుగు. లీటరు నీటికి ఒక టేబుల్ స్పూను సోడా చొప్పున కలిపి, కడ్డీలను డ్రమ్ము చుట్టూ నిలబెట్టి ఛార్జరు ప్లస్ వైరుకి కలపాలి. శుభ్రం చేయాల్సిన ముక్కను మధ్యలో వేలాడదీసి మైనస్‌కి కలపాలి. తారుమారైతే మన ముక్కే కరిగిపోతుంది కాబట్టి వైర్లకి రంగు టేపు చుట్టి పెట్టాను. స్విచ్ వేయగానే ముక్క ఒళ్లంతా సన్నటి బుడగలు లేస్తాయి. రాత్రంతా వదిలేస్తే పొద్దునకి నీళ్లు గోధుమ రంగు నురగ కడతాయి. బయటికి తీసి బ్రష్‌తో రుద్దితే తుప్పు నల్లటి మెత్తటి మడ్డిలా ఊడిపోతుంది. మంచి ఇనుము ఒక్క పిసరు కూడా అరగదు. యాసిడ్‌తో ఈ సుఖం లేదు.

ఆ బుడగల్లో హైడ్రోజన్ ఉంటుంది కాబట్టి గాలి ఆడే చోటే పెట్టాలి, దగ్గర నిప్పు ఉండకూడదు. కడ్డీల స్థానంలో స్టెయిన్‌లెస్ స్టీలు గరిటెలు వాడొద్దు. దాన్లోని క్రోమియం నీళ్లలోకి దిగి విషమవుతుంది. అల్యూమినియం వస్తువులు ఇందులో వేస్తే తినేస్తుంది. స్ప్రింగులు, గట్టి రకం బోల్టులు కూడా వేయను. హైడ్రోజన్ వాటిలోకి చేరి పెళుసు చేస్తుందంటారు, బ్రేకుల దగ్గర ఆ ప్రయోగాలు మనకెందుకు? ఇంకొకటి, తుప్పు వదిలిన ఇనుము చెన్నై గాలికి గంటలోపే మళ్లీ ఎర్రబడుతుంది. కడిగి, హీట్ గన్‌తో ఆరబెట్టి, అప్పటికప్పుడే ఎపాక్సీ ప్రైమరు కొట్టేయాలి. కాఫీ తాగి వచ్చి కొడదామంటే కుదరదు.

అద్దాల దగ్గర మేస్త్రి కుర్రాడు నన్ను హడలగొట్టాడు. ముందు అద్దం చుట్టూ ఉన్న బీడింగు కాపాడదామని, స్క్రూడ్రైవరు దూర్చి అద్దాన్ని ఎత్తబోయాడు. “ఆగు తమ్ముడూ!” అని అరిచి, బ్లేడు తెచ్చి బీడింగునే చుట్టూ కోసేశాను. రబ్బరు ఎలాగోలా సంపాదించుకోవచ్చు, ఆ అద్దం పగిలితే మాత్రం మళ్లీ దొరికే చోటు లేదు. కోసిన బీడింగులో రెండంగుళాల ముక్క జేబులో వేసుకుని కారు విడిభాగాల కొట్లుండే జీపీ రోడ్డుకి వెళ్లాను. అక్కడ కౌంటరులో కారు పేరు చెబితే లేదంటారు. ముక్క అడ్డకోత చూపించి, ‘ఈ ఆకారం ఉందా’ అని అడగాలి. వ్యాన్లకీ, ట్రాక్టర్ క్యాబిన్లకీ వాడే చుట్టల్లో ఒకటి దాదాపు సరిపోయింది. మీటర్ల లెక్కన కొనుక్కొచ్చి మూల దగ్గర అతికించుకున్నాం.

పుదుపేట గురించి చెప్పకపోతే చెన్నైలో కారు బాగుచేసినట్టే కాదు. కూవం పక్కన ఆ సందుల్లో ఒక్కో కొట్టుకి ఒక్కో అవయవం. ఒకడి దగ్గర తలుపులే, ఒకడి దగ్గర స్టీరింగులే, ఇంకోడి దగ్గర రేడియేటర్లే. ‘ఎస్‌ఎస్80’ అంటే కుర్రవాళ్లకి తెలియదు, ‘జపాన్ మారుతి’ అంటే కొట్టు వెనక కూర్చున్న ముసలాయన లేచి వస్తాడు. నాకు ఒక డోర్ హ్యాండిలు, జపాన్ అచ్చున్న వైపర్ మోటరు ఒకటి అలాగే దొరికాయి. బేరం తెలుగులో మొదలుపెట్టినా నడుస్తుంది, ఆ సందుల్లో తెలుగు అర్థమయ్యేవాళ్లు తక్కువేం కాదు. వెళ్లేటప్పుడు పాత ముక్క వెంట ఉండాలి, మధ్యాహ్నం ఎండలో వెళ్లకూడదు. నేర్చుకోవాల్సింది ఇంతే.

ఇంజిన్ పని ఒక్క పేరాలో అయిపోతుంది. ఇనుప పైపుకి చైన్ పుల్లీ కట్టి దింపాం, చిన్న ఇంజిన్ కాబట్టి ఇద్దరం చాలాం. అంబత్తూరులో లేత్ షాపులో సిలిండర్లకి బోరు పట్టించి, ఓవర్‌సైజ్ పిస్టన్లు, కొత్త రింగులు, వాల్వ్ సీళ్లు, టైమింగ్ బెల్టు వేయించాను. కార్బురేటరు విప్పి కడిగి కిట్ మార్చాను. అన్ని సామాన్లూ కొత్తవి, పక్క వీధిలోవి. బ్రేకులకి మాత్రం పొదుపు చూడలేదు. వీల్ సిలిండర్లు, మాస్టర్ సిలిండరు, ఇనుప పైపులు అన్నీ తీసేసి కొత్తవి వేశాను.

రంగు ఇంటి దగ్గర కొట్టొద్దు. వీడియోలు చూసి నేనూ కంప్రెసరు కొందామనుకున్నాను. పీయూ (పాలీయూరిథేన్) పెయింటు హార్డెనర్‌లో ఐసోసైనేట్లు ఉంటాయి, మామూలు మాస్కు వాటిని ఆపలేదు. ఊపిరితిత్తులకి ఒకసారి పడకపోతే ఆ తర్వాత జన్మంతా కొంచెం వాసనకే ఉబ్బసం వస్తుంది. పైన కాపురం ఉన్నవాళ్ల పసిపిల్ల సంగతి కూడా చూడాలి గదా. ప్రైమరు, రుద్దుడు ఇంట్లో ముగించుకుని, బండిని తోసుకెళ్లి పెయింట్ బూత్‌లో రంగు వేయించాను. ఆర్సీలో ఉన్న తెలుపే. వేరే రంగు వేసి ఆర్సీలో రాయించుకోవచ్చు, దానికి అడ్డేం లేదు. నాకు పాత తెలుపే నచ్చింది.

ఇక మార్పులు. బండి చూసిన ప్రతి స్నేహితుడూ ఒకే సలహా ఇచ్చాడు. 2000లో వచ్చిన, కార్బురేటరు బదులు ఇంజెక్టర్లతో పెట్రోలు చిమ్మే 12 వాల్వుల ఎంపీఎఫ్‌ఐ ఇంజిన్, దాని ఐదు గేర్ల బాక్సు పెట్టెయ్, పుదుపేటలో దొరుకుతుంది, ఎగురుతుంది అని. ఎగురుతుంది, నిజమే. నేను పెట్టలేదు. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం కంపెనీ ఇచ్చిన లెక్కకి విరుద్ధంగా బండిని మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా అదే మాట గట్టిగా చెప్పింది. దాని పక్కన నాకు ఇంకో ఆశ ఉంది. 2021 నాటి కేంద్ర నిబంధనల ప్రకారం 50 ఏళ్లు దాటిన బండిని వింటేజ్‌గా రిజిస్టరు చేసుకోవచ్చు. అయితే ఛాసిస్, బాడీ, ఇంజిన్ పెద్దగా మార్చకుండా ఉండాలి. నా బండికి ఆ వయసు 2035లో వస్తుంది. అప్పటిదాకా ఆగలేక ఇవాళ ఇంజిన్ మార్చుకుంటే ఆ దారి నాకు నేనే మూసుకున్నట్టు. కాబట్టి ఒక లెక్క పెట్టుకున్నాను. సాయంత్రం కూర్చుని విప్పేస్తే బండి మళ్లీ 1985కి వెళ్లిపోవాలి. అంతకు మించిన మార్పు వద్దు.

ఆ లెక్కలో చేసినవాటిలో నాకు బాగా పనికొచ్చింది హెడ్‌లైటు రిలే, అంటే చిన్న కరెంటుతో పెద్ద కరెంటుని కలిపే స్విచ్. పాత బళ్లలో లైటు కరెంటు అంతా డాష్‌బోర్డు దాకా వచ్చి, స్విచ్‌లోంచి తిరిగి ముందుకి పోతుంది. సన్నటి వైరు, నలభై ఏళ్ల స్విచ్. మీటరు పెట్టి చూస్తే బ్యాటరీ దగ్గర 12.4 వోల్టులు ఉంటే బల్బు దగ్గర 10.6 మాత్రమే ఉంది. వోల్టేజి 15 శాతం తగ్గితే వెలుగు 40 శాతం దాకా పడిపోతుంది. జనం దీనికి ఎక్కువ వాట్ల బల్బులు వేస్తారు, అప్పుడు స్విచ్ కాలుతుంది. నేను బ్యాటరీ నుంచి ఫ్యూజుతో లావు వైరు లాగి, రెండు రిలేలు పెట్టాను. పాత స్విచ్ ఇప్పుడు రిలేని మాత్రమే నొక్కుతుంది. అవే బల్బులు, మీటరు 12 దాటింది. పాత వైరింగులో ఒక్కటి కూడా కోయలేదు, సాకెట్లు కలిపానంతే.

స్పార్క్ ప్లగ్గులకి కరెంటు పంచే డిస్ట్రిబ్యూటరులో పాయింట్ సెట్ తీసి ఎలక్ట్రానిక్ పికప్ పెట్టాను. పాత సెట్, కండెన్సరు కవరులో వేసి డాష్‌బోర్డు అరలో ఉంచాను. పెట్రోలు గొట్టాలు అన్నీ మార్చాల్సి వచ్చింది. ఇప్పుడు బంకుల్లో వచ్చే పెట్రోలులో 20 శాతం ఇథనాల్, ఇది పాత రబ్బరుని మెత్తబరిచి పగలగొడుతుంది. ఫ్లోరిన్ రబ్బరు గొట్టాలు ఖరీదే గానీ, వేడి ఇంజిన్ మీద పెట్రోలు కారే ప్రమాదం ముందు ఆ ఖరీదు ఎంత! ఇథనాల్ తేమను కూడా పీల్చుకుంటుంది, కదలకుండా నిలబెడితే ట్యాంకు అడుగున తుప్పు మొదలవుతుంది. అందుకని వారంలో ఒకసారైనా రెడ్‌హిల్స్ దాకా తీసుకెళ్తాను. ఏసీ పెట్టించమని మా ఆవిడ గొడవ. అది ఇంకా తేలలేదు.

ఆర్సీ పొడిగింపు గడువు దగ్గర పడితే ఆర్టీఓ ఆఫీసుకి వెళ్లాం. ఫీజుల మాట ముందే తెలుసుకుని వెళ్లడం మంచిది. 15 ఏళ్లు దాటిన కారుకి 2022 ఏప్రిల్ నుంచి 5,000 రూపాయలు ఉండేది, 20 ఏళ్లు దాటినవాటికి 2025 ఆగస్టులో 10,000 చేశారు. గ్రీన్ ట్యాక్స్ అదనం. ఇన్‌స్పెక్టరు బానెట్ ఎత్తించి నేరుగా ఛాసిస్ నంబరు మీదికి వెళ్లాడు. పెన్సిల్ ప్రింట్ తీసి చూసుకున్నాడు. ఇంజిన్ నంబరు చూశాడు. లైట్లు వేయమని, ‘బల్బులు మార్చారా, వెలుగు ఎక్కువుంది’ అని తమిళంలో అడిగాడు. రిలేలు చూపించాను. బల్బు తీసి దాని మీద వాట్లు చదువుకుని తల ఊపాడు. బ్రేకు చూడటానికి ఆ ఆవరణలోనే ఒక చుట్టు తిప్పించాడు. దిగేటప్పుడు, తమ మామయ్య దగ్గర ఇలాంటి బండే ఉండేదనీ, తుప్పుకి ఫ్లోరు ఊడిపోయి కాయలాన్ కడైకి, అంటే పాత ఇనుము కొట్టుకి వేశారనీ చెప్పాడు. రన్నింగ్ బోర్డు కిందికి వంగి చూసి, ఈ రంధ్రాలు ఎందుకు వదిలేశారని అడిగితే, పక్కనే నిలబడ్డ మేస్త్రి నాకంటే ముందే అందుకుని జవాబు చెప్పాడు.